దండెం మీద నల్ల శాలువా

ఒహాయో
మే 6, సోమవారం

ఈరోజు పనులు: ఉతికిన బట్టలు నలభై మూడు. రొట్టెలు ఏడు. రూబార్బ్ కాడలు ఉడికించి నింపిన సీసాలు పద్నాలుగు, అందులో ఒకటి పగిలింది. నాటిన కాబేజీ మొక్కలు అరవై. ఓర్ఫాను వెతకడం మూడుసార్లు.

మలిందా అక్కకు,

చివరి పద్దు చూసి నవ్వుతావని తెలుసు. జనవరి నుంచి దానికి కూడా ఒక గడి గీశాను. ఏప్రిల్ ఆఖరుకు నా కూతురు ఇరవై తొమ్మిదిసార్లు కనబడకుండా పోయింది. పందొమ్మిదిసార్లు నీళ్ళ దగ్గర దొరికింది. ఎనిమిదిసార్లు తిరిగేదాని దగ్గర, అంటే గాలిమర కిందో, బగ్గీ చక్రం పక్కనో, నా తొక్కుడు కుట్టుమిషను ముందో. మిగిలిన రెండుసార్లు గడ్డివాములో నిద్రపోయింది. ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇప్పుడు పరుగులో నాకు అందదు. పిలిస్తే పలకదు. టౌన్లో డాక్టరు దీన్ని ఆటిజం అంటారని చెప్పాడు. "పేరు తెలిస్తే పరుగు తగ్గుతుందా?" అన్నాడు అట్లీ, గుర్రానికి జీను బిగిస్తూ. నా మొగుడి సంగతి నీకు తెలిసిందే, భయమేసినప్పుడే ఇలా మాట్లాడతాడు.

నిన్న కాక మొన్న గ్లెన్నా తన కారులో పోలీసాయన్ని, డిప్యూటీ టాలీని వెంటబెట్టుకొచ్చింది. గ్లెన్నా గుర్తుందిగా, మనల్ని ఆసుపత్రికీ అంగడికీ తిప్పే ఇంగ్లీషావిడ, మన సంఘం మనిషి కాదు, మా పక్క పొలమే.

"అమ్మా, ఎవరైనా పిల్లల్ని ఎత్తుకుపోతే జిల్లాలో అందరి ఫోన్లకూ ఒకేసారి కబురు పంపుతాం. ఇప్పుడు ఇలా తనంతట తను వెళ్ళిపోయే పిల్లలకూ పంపుతున్నాం. వివరాలు ముందే రాయించి పెట్టుకుంటే అరగంట కలిసొస్తుంది" అన్నాడతను.

"మాకు ఫోన్లుండవు కదండీ."

"మీ చుట్టూ ఉన్నవాళ్ళకుంటాయి. పాప ఫోటో ఒకటివ్వండి."

"లేదండీ."

"చిన్నప్పటిదైనా ఫరవాలేదు."

"ఎప్పటిదీ లేదు. మేం దిగం."

అతను గ్లెన్నా వైపు చూశాడు. "నన్నెందుకు చూస్తావయ్యా? పదకొండేళ్ళ నుంచి తిప్పుతున్నా వీళ్ళని. నా కారుకి ఫోటో తీసినా మొహం తిప్పేసుకుంటారు" అందామె.

పోనీ గుర్తులు చెప్పమన్నాడు. నీలం గౌను, నల్ల ఏప్రన్, తలమీద తెల్ల కుచ్చు టోపీ, కాళ్ళకు ఏమీ లేవు అని చెప్పాను. రాస్తూ రాస్తూ కలం ఆపేశాడు. "మీ ఇంటికొచ్చే దారిలోనే ఇలాంటివాళ్ళు ఆరుగురు కనిపించారమ్మా" అన్నాడు.

ఫోటో సంగతి బిషప్ యూరాను అడిగాను. రూపాలు చేసుకోవద్దన్న బైబిలు మాట ఒకరికోసం మారదు, కానీ ఆలోచిస్తానన్నాడు. నువ్వేమంటావు? తొమ్మిదిమందిని పెంచినదానివి.

నీ చెల్లెలు
సలోమా

*

విస్కాన్సిన్
మే 13

సలోమా,

ఇక్కడ ఇంకా చలి వదల్లేదు. నా మోకాలు ఎప్పట్లాగే. కోడళ్ళిద్దరూ బంగాళాదుంపలు నాటడానికి పోయి నన్ను కోళ్ళకు కాపలా పెట్టారు. కోళ్ళు నా మాట వినవు, కోడళ్ళలాగే. కాబట్టి ఉత్తరం రాయడానికి తీరిక దొరికింది.

ఫోటో మాట మరిచిపో. అమ్మ ఉంటే ఆ మాట నీ నోట రానిచ్చేది కాదు. ఒక్కసారి తలుపు తీస్తే తర్వాత ఏది లోపలికొస్తుందో మన చేతిలో ఉండదు.

నేను చెప్పేది విను. ఇంటి ముందు భోజనాల గంట ఉందిగా. చుట్టుపక్కల ఇళ్ళకు చెప్పిపెట్టు: నీ గంట ఆగకుండా మోగితే వాళ్ళూ తమ గంటలు కొట్టి, పని వదిలి రావాలి. ఇక్కడ మా అబ్బాయి ఈనస్ నాలుగేళ్ళప్పుడు మొక్కజొన్న చేలో దారి తప్పితే అలాగే చేశాం. పావుగంటలో నలభైమంది పోగయ్యారు. వాడు గంట మోత పట్టుకుని తనే నడిచొచ్చి, అన్నం పెట్టమన్నాడు. ఫోన్లవాళ్ళకు ఇంతకన్నా ఏం తెలుసు?

నువ్వు గళ్ళు గీసి లెక్కలు రాయి. నేనైతే గంట కొడతాను.

మలిందా

*

విస్కాన్సిన్
మే 31

సలోమా,

నీ బిడ్డ తప్పిపోయిన సంగతి నేను మన వారపత్రికలో చదివి తెలుసుకోవాలా? మీ ఊరినుంచి రాసేవాడు వానల గురించి నాలుగు వాక్యాలు, ఎవరింట్లోనో కవలలు పుట్టారని రెండు వాక్యాలు రాసి, ఆ కింద ఇలా రాశాడు: "అట్లీ శ్లాబాక్ కూతురు గురువారం తప్పిపోయి సాయంత్రానికి క్షేమంగా దొరికింది. జిల్లాలో ప్రతి ఫోనులోనూ ఆ పిల్ల కనబడిందట."

దొరికినందుకు దేవుడికి మోకరిల్లాను, ఈ మోకాలితోనే. ఆ తర్వాత రెండో వాక్యం మళ్ళీ చదివాను. ప్రతి ఫోనులోనూ. అంటే ఇచ్చావన్నమాట. నన్ను సలహా అడిగి, నా జవాబు అందాక, ఇచ్చావు. యూరా ఒప్పుకున్నాడా, ఆయనకు చెప్పకుండా ఇచ్చావా?

నేను కోప్పడటం లేదు. చెప్పి ఉంటే బాగుండేది అంటున్నాను.

మలిందా

*

ఒహాయో
జూన్ 5

అక్కా,

పన్నెండు రోజులు కలం పట్టుకోలేకపోయాను. అందుకు క్షమించు. మిగతాదంతా వరసగా రాస్తాను, చదివి నువ్వే చెప్పు.

ఫోటో ఇవ్వలేదు. లేనిది ఎక్కడినుంచి ఇస్తాను? ఫోన్లలో వెళ్ళినవి మాటలే: ఎనిమిదేళ్ళ పాప, మాట్లాడదు, నీలం గౌను, నల్ల ఏప్రన్, తెల్ల టోపీ, వట్టి కాళ్ళు. అంతే.

మే 23, గురువారం. మూడుంబావుకు స్ట్రాబెర్రీ మడి దగ్గర నా పక్కనే ఉంది. మూడూ ఇరవైకి లేదు. తొట్టి, పంపు, గ్లెన్నా బాతుల కుంట, గాలిమర చూసి వచ్చాను. మూడున్నరకు గంట కొట్టాను. మూడూ ముప్ఫై మూడుకు రేబర్‌వాళ్ళ గంట అందుకుంది. మూడూ ముప్ఫై ఆరుకు బిషప్ యూరాది. మూడుముప్పావుకల్లా లోయలో తొమ్మిది గంటలు మోగుతున్నాయి. మనుషులు నువ్వు చెప్పినట్టే వచ్చారు, యాభై ముగ్గురు. అట్లీ రోడ్డు మలుపులో, అవసరానికి అందరికీ కలిపి పెట్టిన ఫోను గదికి పరుగెత్తి డిప్యూటీకి చెప్పాడు. నాలుగుంబావుకు ఫోన్లకు కబురు వెళ్ళింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెబితే నమ్మవు. ఆరు గంటల్లోపు ముప్ఫై ఒక్క ఫోన్లు వచ్చాయట, దొరికింది దొరికింది అని. దొరికినవాళ్ళంతా మన పిల్లలే, ఒక్కటీ ఓర్ఫా కాదు. వయొలా రేబర్ కూతురు కేటీని, బగ్గీలు చూడటానికొచ్చిన ఇంగ్లీషువాళ్ళు రెండుసార్లు కారెక్కించుకుని తెచ్చి డిప్యూటీకి అప్పగించారు. ఆ పిల్ల సిగ్గుతో నోరు విప్పకపోయేసరికి, మాట్లాడని పాప ఇదేనని వాళ్ళకు ఇంకా నమ్మకం కుదిరింది. మూడో కారు ఆగేసరికి వయొలా అడ్డంగా నిలబడి, "ఇది నాదే, ఇక్కడే ఉండనివ్వండి, దీనికింకా పాలు పితికే పనుంది" అంది. ఆ పూట నవ్వలేకపోయాను. ఇప్పుడు రాస్తుంటే కొంచెం నవ్వొచ్చింది.

ఏడు కావడానికి పది నిమిషాలుండగా ఓర్ఫా పాత మిల్లు ఆనకట్ట దగ్గర దొరికింది. ఇంటికి రెండుంబావు మైళ్ళు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మిల్లు చక్రాన్ని చూస్తోంది. అక్కడినుంచి ఇంకో అడుగు వేస్తే మనిషి మునిగే లోతు. దాణా లారీ నడిపే అతను అక్కడ ఆపుకుని రొట్టె తింటూ, ఫోను చూసి తలెత్తాడట. పిలవలేదు. పిలిస్తే ఉలిక్కిపడి జారుతుందేమోనని భయమేసిందట. బూట్లతోనే నీళ్ళలోకి దిగి, నెమ్మదిగా లోతు వైపుకి వెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు. అంతే. మేం వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

మర్నాడు ఎవరెవరు ఓర్ఫాను ఎక్కడ చూశారో అడిగి, దాణా సంచి కాగితం వెనక లోయ గీసి గుర్తులు పెట్టాను. రేబర్‌వాళ్ళ చేలో చెవులు మూసుకుని పరుగెత్తుతుంటే చూశారు. అప్పుడు రేబర్‌వాళ్ళ గంట మొదలైంది, ఓర్ఫా దక్షిణానికి తిరిగింది. యూరా కంచె దాకా వచ్చింది. యూరా గంట మొదలైంది, తూర్పుకు తిరిగింది. ప్రతి మలుపుకూ ఒక గంట ఉంది. లోయలో ఎవరూ కాపురం లేనిది, గంట లేనిది మిల్లు ఒక్కటే. ఓర్ఫా నీళ్ళ కోసం అక్కడిదాకా పోలేదు అక్కా. గంటలు తరిమాయి.

మన గంట ఒక్కటి మోగితే చెవులు మూసుకుని బల్ల కింద దూరుతుంది, మోత ఆగాక బయటికొచ్చి తింటుంది. తొమ్మిది మోగితే దూరడానికి బల్ల లేదు. ఇది తెలిసీ తాడు లాగింది నేనే. ఎవరిమీదా రాయడం లేదు, లెక్క కోసం రాస్తున్నాను.

నీ మోకాలికి వేడి ఉప్పు కాపడం పెట్టు.

సలోమా

*

ఒహాయో
జూన్ 24, సోమవారం

అక్కా,

ఉతికినవి నలభై ఒకటి. బఠాణీ సీసాలు ఇరవై రెండు. ఓర్ఫా రెండుసార్లు, రెండుసార్లూ తొట్టి దగ్గరే.

మూడువారాలైంది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఫోటో సంగతి నీకింకా నమ్మకం కుదరలేదనుకుంటాను. అందుకే యూరా ఏం నిర్ణయించాడో నీకు రాస్తున్నాను, నీ మనసు కుదుటపడుతుందని.

నిన్న కాక, అంతకుముందు ఆదివారం ఆరాధన అయ్యాక, వంటింట్లో ఆడవాళ్ళమంతా గిన్నెలు తుడుస్తున్నాం. యూరా గుమ్మంలో కాఫీ తాగుతున్నాడు. ఆయన భార్య ఎడ్నా అంది, "ఫోటో వద్దంటే వద్దు, రంగుందిగా. ఆ పిల్లకి ఎవరూ వెయ్యని రంగు కుడితే సరి" అని.

"ఒక్కపిల్లను అందరిలో వేరు చేసి చూపించడం నాకు ఇష్టం లేదు" అన్నాడు యూరా.

అప్పుడు వయొలా, మొహం కూడా తిప్పకుండా, పళ్ళెం తుడుస్తూ, "దాన్ని వేరు చెయ్యొద్దు. మనమే తప్పుకుందాం. నెమలి నీలం మన పిల్లలందరికీ ఉంది. మిగతావాళ్ళం ఆ రంగు మానేద్దాం. నా కేటీని మళ్ళీ ఎవరి కారులోనూ ఎక్కించే ఓపిక నాకు లేదు" అంది.

యూరా కప్పు ఖాళీ చేశాడు. ఎడ్నా, "ఏమంటారు?" అంది. "ఇంకో కప్పు పొయ్యి" అన్నాడు. అది తాగాక, "ఏది వేసుకోవాలో నియమం ఉంది. ఏది మానుకోవాలో మీ ఇష్టం" అన్నాడు.

బుధవారానికి పదకొండు ఇళ్ళనుంచి పదిహేడు గౌన్లు వచ్చాయి. అన్నీ నెమలి నీలం. పెద్దవాళ్ళవి విప్పదీసి ఓర్ఫా కొలతకు కుడుతున్నాను. గౌనుకొకటి చొప్పున ఏప్రన్ కుట్టివ్వాలని రాసుకున్నాను, వాళ్ళు వద్దన్నా సరే.

డిప్యూటీ వచ్చి తన కబురు మళ్ళీ రాసుకున్నాడు. నెమలి నీలం గౌను వేసుకునేది ఆ పాప ఒక్కతే. పేరు పెట్టి పిలవొద్దు. హారన్ కొట్టొద్దు. ముందు నీళ్ళ దగ్గర చూడండి. కనిపిస్తే కాస్త దూరంలో కూర్చోండి. నేను చెబుతుంటే అతను రాశాడు.

కానీ ఇదంతా ఫోన్లున్నవాళ్ళకి. లోయలో నీళ్ళకు దగ్గరగా ఉన్నది మనవాళ్ళు. గంట కొట్టకూడదు, కేక వెయ్యకూడదు. ఇంటింటికీ మనిషిని పంపితే గంట పడుతుంది. దీనికి దారి తోచడం లేదు.

ఒక్క ముక్క రాయి.

సలోమా

*

విస్కాన్సిన్
జూలై 1

సలోమా,

నువ్వు ఫోటో అంటున్నావు. ఫోటో సంగతి నేనెప్పుడో వదిలేశాను. పత్రికవాడు "కనబడింది" అని రాస్తే, నేను లేని బొమ్మ ఊహించుకుని నీమీద పడ్డాను. అందుకు సిగ్గుపడ్డాను, అయిపోయింది.

రాయలేకపోయింది గంట వల్ల. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడున్నర. మూడూ ముప్ఫై మూడు. మూడూ ముప్ఫై ఆరు. ఎవరిమీదా రాయడం లేదన్నావు. కానీ గంట కొట్టమని నీకు రాసిన చెయ్యి ఇదే కదా. ఇక్కడ పన్నెండింటికి కోడలు భోజనాల గంట కొడితే లేచి పెరట్లోకి పోతున్నాను. "అత్తకి మా వంట పడటం లేదు" అనుకుంటున్నారు వీళ్ళు. అనుకోనీ.

ఈనస్ ఈనస్సే, ఓర్ఫా ఓర్ఫానే. తొమ్మిదిమందిని పెంచానన్న ధీమాతో పదో పిల్లను నేను చూడనే లేదు.

నిన్న కూర్చుని, పోయిన శరత్తులో మీ ఇంట్లో ఉన్న వారం గుర్తు చేసుకున్నాను. మోకాలు కదలక మీ వరండాలో కూర్చోబెట్టావు. గుర్తుందా, సాయంత్రం నువ్వొచ్చేసరికి లోయ కబుర్లన్నీ నేనే నీకు చెప్పేదాన్ని. రేబర్‌వాళ్ళింటికి చుట్టాలొచ్చారని, ఎడ్నా మంచం పట్టిందని, కొత్తకాపురం వాళ్ళకు బిడ్డ పుట్టిందని. "ఎవరొచ్చి చెప్పారు?" అనేదానివి. ఎవరూ రాలేదు. దండేలు చూశాను. మీవన్నీ కప్పీల మీద స్తంభం కొసదాకా పాకే దండేలు. కొండ మీద ఇంటివాళ్ళ పక్కదుప్పట్లు కూడా కనిపిస్తాయి. గుడ్డముక్కలు చూస్తే బిడ్డ, దుప్పట్లు చూస్తే చుట్టాలు, రాత్రి చొక్కాలు చూస్తే జబ్బు. ఒక్క చప్పుడు లేదు.

గంట కొట్టకు. ఆరెయ్యి. మామూలుగా ఎవరూ ఆరెయ్యని వరస ఏదైనా ఎంచుకో. రెండు తెల్ల దుప్పట్లు, వాటి మధ్య నల్ల శాలువా. చూసినవాళ్ళు తమ దండెం మీద అదే ఆరేసి, మాట్లాడకుండా తమ దగ్గరున్న నీళ్ళ దగ్గరికి పోవాలి.

పనికిరాకపోతే ఇంకెప్పుడూ సలహా ఇవ్వను.

మలిందా

*

ఒహాయో
జూలై 22, సోమవారం

ఈరోజు పనులు: ఉతికినవి నలభై ఆరు. మళ్ళీ ఉతికినవి పందొమ్మిది, ఎందుకో కింద రాస్తాను. చిక్కుడు సీసాలు సున్నా, పొయ్యి వెలిగించే వీలే కాలేదు. ఓర్ఫాను వెతకడం ఒకసారి.

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే లోయ అంతా తిరిగి ఇంటికొక నీళ్ళతావు పంచాను. రేబర్‌వాళ్ళకు వాగు పైమలుపు, యూరాకు వాగు కిందిమలుపు, కొత్తకాపురం వాళ్ళకు మిల్లు ఆనకట్ట. ఒక్కటి మాత్రం మనిద్దరికీ తోచలేదు. సోమవారం ఇంటింటా ఉతుకుడు రోజు, అందరి దండేలూ నిండి ఉంటాయి కదా. ఓర్ఫా సరిగ్గా సోమవారమే చూసుకుని పోయింది.

పదీ నలభైకి కనబడలేదు. నా దండెం మీద చివరిదాకా తడిబట్టలే. చేత్తో లాగి అన్నీ గడ్డిలో పడేశాను. దుప్పటి, శాలువా, దుప్పటి తగిలించి కప్పీ తాడు లాగాను. తొందరలో శాలువా ఒకసారి జారిపోతే మళ్ళీ తగిలించాను. పదీ నలభై నాలుగుకు స్తంభం కొసకు చేరింది. అట్లీ ఫోను గదికి పరుగెత్తాడు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. రేబర్‌వాళ్ళ దండెం ఉన్నట్టుండి ఖాళీ అయింది. తర్వాత తెలుపు, నలుపు, తెలుపు పైకి పాకింది. కొండమీద ఇంటిది. ఎడ్నాది. నేను చూస్తుండగానే ఉతికిన బట్టలు ఇల్లిల్లూ నేలమీద పడిపోతున్నాయి. ఒక గంట లేదు, ఒక కేక లేదు. కుక్కలు కూడా మొరగలేదు. పదకొండు కాకముందే పదకొండు దండేలు.

గ్లెన్నా ఫోను పట్టుకుని అడ్డదారిన పరుగెత్తుకొచ్చి, "ఇప్పుడే వచ్చింది కబురు. నీ దుప్పట్లు నా ఫోనుకన్నా ముందొచ్చాయి, నేనప్పటికే కుంట చూసేశాను" అంది గొంతు తగ్గించి. జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించింది.

నేను వాగు వెంట పరుగెత్తాను; కిందిమలుపు దగ్గర, పైమలుపు చూసుకుని అక్కడిదాకా వచ్చిన రేబర్ పెద్దకొడుకు నిలబడి, వేలితో చూపించాడు. ఒడ్డు బురదలో బిషప్ యూరా కూర్చుని ఉన్నాడు, డెబ్బై నాలుగేళ్ళ మనిషి. గడ్డిటోపీ తీసి కర్రమీద పెట్టి తిప్పుతున్నాడు. ఆయన పక్కన, తడిసిన నెమలి నీలం గౌనుతో ఓర్ఫా. టోపీ నెమ్మదిస్తే వేలితో తోస్తోంది.

ఆయన తల తిప్పకుండానే అన్నాడు, "సలోమా, నడుంలోతు నీళ్ళలోంచి తనే ఎక్కి వచ్చిందమ్మా. ఆపితే లేచి పోతుందేమోనని ఇందాకటినుంచి తిప్పుతూనే ఉన్నాను. చెయ్యి పడిపోయింది. నువ్వొచ్చి అందుకో."

వెళ్ళి కూర్చుని అందుకున్నాను. పదకొండూ ఇరవై రెండు. మొత్తం నలభై రెండు నిమిషాలు. మే నెలలో మూడున్నర గంటలు పట్టింది. ఓర్ఫా నా భుజానికి ఆనుకుంది. చెవులు మూసుకోలేదు. నీకు ఇది చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను: చెవులు మూసుకోలేదు.

ఇంటికి వస్తుంటే రోడ్డు పక్క తూము దగ్గర ఒక ఇంగ్లీషు కుటుంబం, తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ, కారు ఆపేసి గడ్డిలో వరసగా కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నారు. మాటా పలుకూ లేదు. ఫోనులో అలా చెయ్యమని వచ్చిందట. పాప దొరికిందని గ్లెన్నా చెప్పాక కూడా, లేవొచ్చా అని గుసగుసగా అడిగారు. వాళ్ళకు రెండు రొట్టెలిచ్చి పంపాను.

యూరా టోపీ మధ్యాహ్నం కడిగి ఇస్తే, ఉంచుకోమన్నాడు. ఎడ్నా ఒప్పుకోలేదు, ఆయనకు ఉన్న మంచి టోపీ అదొక్కటేనట. పాతదొకటి పంపింది. అది ఇప్పుడు ఓర్ఫా చేతిలో తిరుగుతోంది.

గంట తాడు విప్పలేదు. భోజనాలకు ఒక్క దెబ్బే కొడుతున్నాం. మీ ఇంట్లో గంట కొడితే పెరట్లోకి పోకు. కూర్చుని తిను, కోడళ్ళు బాధపడతారు.

ఈ ఏడు శరత్తులో రా. వరండాలో నీ కుర్చీ అక్కడే ఉంది.

సలోమా

లెక్క: గౌన్లు పదిహేడు వచ్చాయి, ఏప్రన్లు పదిహేడు ఇచ్చాను. నీ పేరున గంట ఒకటి, దండెం ఒకటి. చెల్లు.